మంటకు నిలిచిన బట్ట సిగరెట్‌కు ఓడిపోయింది, ఎందుకు?

సోఫామేస్త్రి · సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. సోఫాలు, కుర్చీలు కట్టడం మా పని. ఒక హోటల్ లాబీకి నలభై కుర్చీల ఆర్డరు వచ్చింది. వాళ్ల కాగితంలో నిప్పు గురించి ఒక్క ముక్కే ఉంది: బీఎస్ 7176, మీడియం హజార్డ్. అంటే కుర్చీలు నిప్పుకు నిలవాలన్న బ్రిటన్ ప్రమాణం, అందులో మధ్యస్థ ప్రమాద స్థాయి. దానికి నీలిరంగు షెనీల్ (నూగు నూగుగా ఉండే మెత్తని బట్ట) తీసుకున్నాం. పత్తి 58, విస్కోస్ 22, పాలిస్టర్ 20. సిగరెట్ పరీక్ష, అగ్గిపుల్ల పరీక్ష రెండూ పాస్ అని మిల్లు వాళ్లు సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. కాగితం చేతిలో ఉంది కదా అని ధీమాగా కత్తెర పెట్టేశాం.

తీరా హోటల్ వాళ్లు "మీ బట్ట, మీ ఫోమ్ కలిపి పరీక్ష చేయించండి" అన్నారు. చేయించాం. అగ్గిపుల్ల మంట తీసేయగానే ఆరిపోయిందట, పాస్. సిగరెట్ దగ్గర ఫెయిల్. ఆ తర్వాతిదైన క్రిబ్ (చెక్క పుల్లల మంట) పరీక్ష దాకా వెళ్లనే లేదు.

నాకు అర్థం కానిది ఒకటే. మంటనే తట్టుకున్న బట్ట సిగరెట్ ముక్కకు ఎలా ఓడిపోతుంది? ల్యాబ్ వాళ్లు పొరపాటు చేశారా, మిల్లు వాళ్లు మోసం చేశారా? పన్నెండు కుర్చీలకు బట్ట కోసి పెట్టుకుని కూర్చున్నా. నిద్ర పట్టట్లేదు.

సందేహాలరావు · సోమవారం రాత్రి 9:40

మిల్లు వాళ్లే. పరీక్షకు ఒక బట్ట, అమ్మడానికి ఇంకో బట్ట. ఇది ఎప్పుడూ ఉండేదే.

ల్యాబ్‌బల్ల · సోమవారం రాత్రి 10:25

తొందరపడకండి రావు గారూ.

మేస్త్రి గారూ, నేను పదకొండేళ్లుగా ఈ పరీక్షలే చేస్తున్నా. మీ సర్టిఫికెట్‌కు రెండో పేజీ ఉంటుంది, చాలామంది తిప్పి చూడరు. అందులో మూడు సంగతులు చూసి చెప్పండి. ఫిల్లింగ్ అన్న చోట ఏ ఫోమ్ రాసి ఉంది? బట్ట రంగు ఏమని ఉంది? పరీక్షకు ముందు బట్టను నీళ్లలో నానబెట్టారా లేదా?

సోఫామేస్త్రి · మంగళవారం ఉదయం 7:05

ఇప్పుడే తీసి చూశాను. ఫిల్లింగ్: సీఎంహెచ్ఆర్ ఫోమ్ (మంటను తగ్గించే మందు కలిపినది), ఘనమీటరుకు 35 కిలోలు. రంగు: ఐవరీ. నానబెట్టడం గురించి "లేదు" అని ఉంది.

మేము వాడింది మామూలు ఫోమ్, 28 కిలోలది. మా బట్ట నీలం. ఇంత చిన్న తేడాకే ఫెయిలా?

ల్యాబ్‌బల్ల · మంగళవారం మధ్యాహ్నం 1:30

చిన్న తేడా కాదండీ, అసలు తేడా అదే. మీ చేతిలో ఉన్నది ఆ బట్టకు ఇచ్చిన సర్టిఫికెట్ కాదు. ఆ బట్ట, ఆ ఫోమ్ కలిసిన జోడీకి ఇచ్చినది. ఫోమ్ మారిస్తే అది కొత్త జోడీ, దానికి మళ్లీ పరీక్ష కావాల్సిందే.

పరీక్ష ఎలా ఉంటుందో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. మా బల్ల మీద బొమ్మ సోఫా లాంటిది ఒకటి ఉంటుంది: మడత బందులతో కలిపిన రెండు ఇనుప చట్రాలు. వీపు వైపుది 450 మి.మీ. వెడల్పు, 300 ఎత్తు. కూర్చునే వైపుది 450 వెడల్పు, 150 లోతు. వాటిలో 75 మి.మీ. మందం ఫోమ్ పెట్టి, మీ బట్టను బిగించి చుడతాం. వీపు, సీటు కలిసే మూల ఉంటుంది చూశారూ, నిజం సోఫాలో చిల్లర పైసలు, పెన్నులు జారిపడే సందు, సిగరెట్‌ను పెట్టేది సరిగ్గా అక్కడే. వెలిగించి పెట్టి గంట సేపు చూస్తాం. అది యూరప్ ప్రమాణం ఈఎన్ 1021-1. రెండో భాగం ఈఎన్ 1021-2, అందులో సన్నని గొట్టం నుంచి వచ్చే బ్యూటేన్ మంటను అదే మూలలో 15 సెకన్లు ఉంచి తీసేస్తాం. బీఎస్ 5852లో ఇదే మంట 20 సెకన్లు.

చెప్పడానికి తేలికే గానీ, అంతకుముందు చాకిరీ చాలా ఉంటుంది. శాంపిల్‌ను 23 డిగ్రీల వేడిలో, 50 శాతం తేమలో ఉంచి అలవాటు చేయాలి. గదిలో గాలి విసురు ఉండకూడదు. సిగరెట్ సగంలో ఆరిపోతే ఆ పరీక్ష లెక్కలోకి రాదు, కొత్తది పెట్టాలి.

ఇక మీ ప్రశ్న. మంట వేరు, రాజుకోవడం వేరు. మంటంటే బట్ట వేడెక్కి ఆవిరులు వదలాలి, ఆ ఆవిరులు గాలిలో కాలాలి. రాజుకోవడంలో మంట ఉండదు. పోగు బొగ్గవుతుంది, ఆ బొగ్గుకే గాలి తగిలి ఎర్రగా కాలుతూ లోపలికి పాకుతుంది. పెద్దవాళ్లు నివురుగప్పిన నిప్పు అనేది దీన్నే. పత్తి, విస్కోస్ రెండూ చక్కగా బొగ్గయ్యే పోగులు. మీ బట్టలో అవి 80 శాతం. కిందనేమో మందు లేని మెత్తని ఫోమ్, ఆ నిప్పు వేడిని పట్టి ఉంచి దానికి సాయం చేసింది.

మీ బట్ట వెనక బ్యాక్ కోటింగ్ ఉందా? ఉంటే ఎలాంటిది?

నూలుపోగు · మంగళవారం సాయంత్రం 6:48

నేను అద్దకం వైపు మనిషిని. కోటింగ్ సంగతి నాకు తెలుసు గనుక చెబుతా.

ఆ తరహా షెనీల్ వెనక మామూలుగా పూసేది బ్రోమిన్ సమ్మేళనం, యాంటిమొనీ ట్రైయాక్సైడ్ కలిపిన జిగురు. బ్రోమిన్ పనిచేసేది గాలిలోకి లేచిన ఆవిరుల మీద. మంటలో జరిగే రసాయన చర్యను మధ్యలో తెంచేస్తుంది. అందుకే అగ్గిపుల్ల తీయగానే మంట చచ్చిపోయింది. సిగరెట్ దగ్గర ఆవిరి మంటే లేదు, ఇక అది తెంచేదేముంది? ల్యాబ్‌బల్ల గారు చెప్పిన బొగ్గు నిప్పు ముందు ఆ పూత ఉత్త ప్రేక్షకుడు.

అసలు అనుమానం నాకు రంగు మీద. ఐవరీకి రంగు దాదాపు ఉండదు. ముదురు నీలం పత్తికి రియాక్టివ్ రంగుతో అద్దుతారు. రంగు పోగుకు పట్టాలంటే తొట్టిలో ఉప్పు బాగా పోయాలి, తర్వాత సోడా యాష్ వేయాలి. ముదురు రంగయితే ఉప్పూ ఎక్కువే. ఆఖరున ఎన్నిసార్లు జాడించారన్నదే ముఖ్యం. నీళ్లు, వేళ మిగుల్చుకుందామని రెండు జాడింపులు తగ్గించారనుకోండి, సోడియం బట్టలోనే ఉండిపోతుంది. సోడియం, పొటాషియం లాంటివి మిగిలిన పత్తి చాలా తేలిగ్గా రాజుకుంటుంది. ఒకే బట్ట, ఒకే నేత, తెలుపు పాసై నీలం ఫెయిలవడం నేను కళ్లారా చూశాను.

సోఫామేస్త్రి · మంగళవారం రాత్రి 8:20

అంటే ఉప్పు వల్ల ఫెయిలయ్యానా నేను!

నూలుపోగు · మంగళవారం రాత్రి 8:31

ఉప్పొక్కటే అనను. ఫోమ్ ఉంది, ఉప్పు ఉంది, పోగు ఉంది. ఏది ఎంత అన్నది చెప్పాలంటే ఒక్కొక్కటే మార్చి చూడాలి. చిన్న పని ఒకటి చేయండి. మీ నీలం బట్టను జానెడు ముక్క కోసి, శుభ్రమైన నీళ్లలో నాలుగైదుసార్లు మార్చి మార్చి జాడించి ఆరబెట్టండి. కడగని ముక్కతో పాటు ల్యాబ్‌కు ఇచ్చి పక్కపక్కన చూపించమనండి.

సందేహాలరావు · మంగళవారం రాత్రి 10:02

ఇంత కథ ఎందుకండీ. నేను ఇందాకే మా సోఫా కింద అంచున చిన్న ముక్క కత్తిరించి లైటర్‌తో కాల్చి చూశా. కరిగి నల్లటి పూస అయింది, మంట తనంతట తనే ఆరింది. మా సోఫా పాస్.

ల్యాబ్‌బల్ల · మంగళవారం రాత్రి 10:15

రావు గారూ, ముందు ఆ లైటర్ పక్కన పెట్టండి.

మీది పాలిస్టర్. మీరు చూసినది పోగు ఏదో కనుక్కునే పరీక్ష, నిప్పుకు నిలిచే పరీక్ష కాదు. ముక్క చేతిలో వేలాడుతుంటే పాలిస్టర్ మంటకు దూరంగా ముడుచుకుంటుంది, కరిగిన చుక్క కారిపోతూ వేడిని తనతో తీసుకుపోతుంది. అందుకే ఆరిపోయింది. అదే బట్టను ఫోమ్ మీద బిగించి కొట్టండి, ముడుచుకుపోయిన చోట కన్నం పడుతుంది. కన్నంలోంచి మంటకు కనిపించేది పచ్చి ఫోమ్. వంద శాతం పాలిస్టర్ సిగరెట్ పరీక్ష హాయిగా పాసై, అగ్గిపుల్ల పరీక్షలో తగలబడటం మాకు మామూలే. మేస్త్రి గారి కథకు సరిగ్గా తలకిందులు.

కరిగిన పాలిస్టర్ చుక్క వేలి మీద పడితే చర్మంతో సహా ఊడొస్తుంది. దయచేసి ఇళ్లలో ఎవరూ చేయకండి.

మాజీఫైర్‌మన్ · బుధవారం ఉదయం 6:10

ఇరవై ఆరేళ్లు అగ్నిమాపక దళంలో పనిచేసి రిటైరయ్యాను. పరీక్షల లెక్కలు నాకు తెలియవు, ఆ పరీక్ష ఫెయిలైన సోఫా ఏం చేస్తుందో తెలుసు.

ఒక ఇంట్లో రాత్రి పది గంటలకు సోఫాలో సిగరెట్ పడింది. ఇంటాయన చూశాడు, గ్లాసుడు నీళ్లు పోశాడు, పొగ ఆగింది, పడుకున్నాడు. మాకు ఫోను వచ్చింది తెల్లవారుజామున మూడున్నరకు. నీళ్లు పైన తడిపాయి, నిప్పు అప్పటికే ఫోమ్ లోపలికి దిగింది. ఐదున్నర గంటలు లోలోపల పాకి పాకి ఒక్కసారిగా మంటై లేచింది. అదృష్టం బాగుండి అందరూ బయటపడ్డారు. అప్పటి నుంచి నేను ఎవరికి చెప్పినా ఒకటే చెబుతా: సోఫాలో నిప్పు పడి పొగ వచ్చిందంటే, నీళ్లు పోశాక కూడా దాన్ని ఇంట్లో ఉంచొద్దు. చల్లారినట్టుందంటే నమ్మొద్దు. పొగ ఎక్కువగా ఉంటే అసలు దాని జోలికే పోవద్దు, తలుపు మూసి జనాన్ని తీసుకుని బయటికి వచ్చి మాకు ఫోను చేయాలి.

ఇంకో మాట. పాలీయురెథేన్ ఫోమ్ అంటుకున్నాక మీ దగ్గర ఉండేది నిమిషాలే. అది కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సైనైడ్ వస్తాయి. మంట మనిషిని చేరేలోపే పొగ పడేస్తుంది. 1979 మే 8న మాంచెస్టర్‌లో ఊల్‌వర్త్స్ స్టోరు తగలబడి 10 మంది చనిపోయారు. నిప్పు పుట్టింది ఫర్నిచర్ అమ్మే చోట, పేర్చి ఉంచిన ఫోమ్ సోఫాల్లో. 2007 జూన్ 18న అమెరికాలో చార్ల్స్‌టన్ సోఫా దుకాణంలో మావాళ్లు, అగ్నిమాపక సిబ్బంది, 9 మంది లోపలే ఉండిపోయారు. మావాళ్లను పోగొట్టుకున్న ఆ రెండో సంగతి చదివినప్పుడల్లా ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

కిటికీపిల్ల · బుధవారం ఉదయం 11:20

అంకుల్, మీ అనుభవానికి దండం. కానీ ఒక తల్లిగా నా భయం ఇంకో వైపు. ఈ పరీక్షలు పాస్ అవ్వడానికే కదా ఫోమ్‌లో, బట్టలో అన్ని రసాయనాలు పోసేది? అవి దుమ్ములో కలుస్తాయి, నేల మీద పాకే పిల్లలు ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. ట్రిస్ అనే బ్రోమిన్ మందును పిల్లల రాత్రి దుస్తుల్లో వాడి, 1977లో అమెరికాలో నిషేధించారని చదివాను. ఎప్పుడో పడే సిగరెట్ కోసం రోజూ విషంలో కూర్చోవాలా?

నూలుపోగు · బుధవారం మధ్యాహ్నం 12:05

అమ్మా, మీ భయంలో తప్పు లేదు. ఫోమ్‌లో వాడిన పీబీడీఈలు అనే బ్రోమిన్ మందులు నిజంగానే ఇళ్ల దుమ్ములోనూ, మనుషుల రక్తంలోనూ, తల్లిపాలలోనూ దొరికాయి. అంతర్జాతీయ ఒప్పందం కింద వాటిని పక్కన పెట్టేశారు కూడా. అయితే మందు లేకుండా పాస్ కావడానికి దారే లేదనుకోకండి. దట్టమైన ఉన్ని బట్ట ఏ మందూ లేకుండానే సిగరెట్‌ను లెక్కచేయదు.

ల్యాబ్‌బల్ల · బుధవారం మధ్యాహ్నం 2:45

కిటికీపిల్ల గారూ, పరీక్ష ఎలా రాస్తామన్న దాన్ని బట్టి ఇళ్లలోకి ఏం వస్తుందన్నది మారిపోతుంది. కాలిఫోర్నియా కథ దానికి మంచి ఉదాహరణ.

అక్కడ 1975లో టీబీ 117 అనే నియమం పెట్టారు. ఫోమ్‌ను బట్ట లేకుండా, ఒంటరిగా, చిన్న మంటకు 12 సెకన్లు చూపించాలి. పాస్ కావాలంటే ఫోమ్‌లో మందు కలపక తప్పదు. కలిపారు, దశాబ్దాల పాటు. కానీ నిజం సోఫాలో ఫోమ్ ఒంటరిగా ఉండదు కదా! పైన బట్ట ఉంటుంది. ముందు అంటుకునేది బట్ట. బట్ట మంట అగ్గిపుల్ల మంటకు ఎన్నో రెట్లు పెద్దది, దాని ముందు ఫోమ్‌లోని ఆ కాస్త మందు నిలవదు. బల్ల మీద పాసైనదానికీ ఇంట్లో జరిగేదానికీ పొంతన లేదు.

చివరికి టీబీ 117-2013 అని కొత్తది తెచ్చారు. 2015 జనవరి 1 నుంచి తప్పనిసరి. అందులో మంట లేదు, సిగరెట్ మాత్రమే. కవరు బట్టను ప్రామాణిక ఫోమ్ మీద పెట్టి, సిగరెట్ మీద పలచని గుడ్డ కప్పి, 45 నిమిషాలు చూస్తారు. నిలువు వైపు బొగ్గు మచ్చ 45 మి.మీ. దాటకూడదు, ఇంకా రగులుతూ ఉండకూడదు, మంట లేవకూడదు. 2021 జూన్ 25 నుంచి అమెరికా మొత్తానికి ఇదే. దీనికి ఫోమ్‌లో మందు అక్కర్లేదు, సరైన బట్ట ఎంచుకుంటే చాలు.

మాజీఫైర్‌మన్ · బుధవారం సాయంత్రం 5:30

అంటే అగ్గిపుల్లతో ఆడుకునే పిల్లవాడిని లెక్కలోంచి తీసేశారన్న మాట. కొవ్వొత్తి పడితే? వైరు కాలితే? నేను దీన్ని ఒప్పుకోను.

ల్యాబ్‌బల్ల · బుధవారం సాయంత్రం 6:02

మీ అభ్యంతరమే బ్రిటన్‌ది కూడా. మీరు చెప్పిన మాంచెస్టర్ ప్రమాదం లాంటివి చూశాకే 1988లో వాళ్లు ఫర్నిచర్ నిబంధనలు తెచ్చారు. సిగరెట్, అగ్గిపుల్ల రెండూ ఉంచారు. అగ్గిపుల్ల పరీక్షలో కవరు కింద పెట్టేది మందు కలపని మామూలు ఫోమ్. అంటే బట్ట తన సొంత బలంతో నిలబడాలి. దానికీ ముందు ఆ బట్టను 40 డిగ్రీల నీళ్లలో అరగంట నానబెట్టాలి, పైపై పూత పూసి మోసం చేస్తే అక్కడే కరిగిపోవాలని. ఇవన్నీ తెలివైన నియమాలే. కానీ వాటి వల్లే అక్కడి ఇళ్లలో మందుల వాడకం ఎక్కువైందన్న విమర్శ కూడా ఉంది. 2025లో కొన్ని పసిపిల్లల వస్తువులను ఆ నిబంధనల నుంచి తప్పించారు.

నన్నడిగితే ఇళ్లకు సిగరెట్ పరీక్ష, పొగ అలారం చాలు. హోటళ్లు, ఆస్పత్రులు, జనం నిద్రపోయే చోట్లకు మంట పరీక్ష ఉండాల్సిందే. ఇది నా అభిప్రాయం, మా ల్యాబ్‌లోనే ఒప్పుకోని వాళ్లు ఉన్నారు.

కిటికీపిల్ల · బుధవారం సాయంత్రం 6:20

పొగ అలారం మాట బాగుంది. రేపే బ్యాటరీ చూస్తా.

సందేహాలరావు · బుధవారం రాత్రి 9:15

ఇప్పుడు సిగరెట్లు తాగేవాళ్లే తగ్గిపోయారు. పైగా కొత్త సిగరెట్లు పీల్చకపోతే వాటంతట అవే ఆరిపోతాయంటున్నారు. ఇంకా దాంతో పరీక్ష ఎందుకో?

ల్యాబ్‌బల్ల · బుధవారం రాత్రి 9:50

మీరు ఈసారి మంచి ప్రశ్న వేశారు. నిజమే, 2004లో న్యూయార్క్ మొదలుపెట్టింది, 2011 నవంబరు నుంచి యూరప్‌లోనూ అలాంటి సిగరెట్లే అమ్మాలి. కాగితంలో అక్కడక్కడా మందమైన పట్టీలు ఉంటాయి, నిప్పు అక్కడికి వచ్చి గాలి అందక ఆరుతుంది. దాంతో మాకు పెద్ద తలనొప్పి వచ్చింది. బజారు సిగరెట్ సగంలో ఆరిపోతే బట్ట బలమా, సిగరెట్ బలహీనతా ఎలా తెలుస్తుంది? అందుకే అమెరికాలో ఎన్ఐఎస్‌టీ అనే సంస్థ పరీక్షల కోసమే ఆరని ప్రామాణిక సిగరెట్ తయారు చేయించింది, దాని పేరు ఎస్ఆర్ఎం 1196. అది తాగడానికి కాదు, కొలబద్ద. చిన్న చోట ఎక్కువసేపు నిలిచి ఉండే నిప్పుకు గుర్తు. ఆ నిప్పు సిగరెట్‌దే కానక్కర్లేదు.

మీరు అడగని సంగతి ఒకటి చెప్పనివ్వండి, మొన్ననే జరిగింది. ఒక శాంపిల్ మీద సిగరెట్ పెట్టాం. ఇరవై నిమిషాల్లో మొత్తం కాలిపోయి బూడిద గీత మిగిలింది. నలభై ఐదో నిమిషానికి పొగ కంటికి ఆనలేదు. కొత్తగా చేరిన కుర్రాడు "పాస్ సార్" అని రాయబోయాడు. ఆగమన్నా. గంట పూర్తయ్యాక నిబంధన ప్రకారం శాంపిల్ విప్పి లోపల చూడాలి. బ్లేడుతో మూల దగ్గర బట్ట కోశాం. లోపల నా పిడికిలంత నల్లటి గుహ, అడుగున కందిగింజంత ఎర్రటి చుక్క. గాలి తగలగానే ఆ చుక్క కళ్లు తెరిచినట్టు వెలిగింది. వెంటనే బకెట్‌లో ముంచాం. ఆ కుర్రాడు ఇప్పుడు ప్రతి శాంపిల్‌ను రెండుసార్లు కోస్తున్నాడు.

సోఫామేస్త్రి · గురువారం ఉదయం 8:00

చదువుతుంటే ఒళ్లు జలదరించింది.

సరే, నా సంగతికి వద్దాం. మా పక్క షాపాయన ఒక సలహా ఇచ్చాడు. బట్టకూ ఫోమ్‌కూ మధ్య ఫైర్ లైనర్ వేస్తే గొడవ వదులుతుందట. వేయనా? కోసిన బట్ట అయినా మిగులుతుంది.

ల్యాబ్‌బల్ల · గురువారం ఉదయం 10:40

సగం సరైన సలహా. లైనర్ ఫోమ్‌ను కాపాడుతుంది, కవరును కాదు. మీ ఫెయిల్ ఎక్కడ మొదలైంది? కవరులో. కింద లైనర్ ఉన్నా ఆ నీలం షెనీల్ తనలో తాను రాజుకుంటూ అంచుదాకా పోతే ఫెయిలే. బ్రిటన్ నిబంధనల్లో కూడా పత్తి, ఉన్ని లాంటి పోగులు 75 శాతం ఉన్న కవరుకు లైనర్ వేస్తే అగ్గిపుల్ల పరీక్ష మినహాయింపు ఉంది గానీ సిగరెట్ పరీక్ష మినహాయింపు లేదు.

లైనర్ మీకు పనికొచ్చేది క్రిబ్ దగ్గర. మీడియం హజార్డ్ అంటే సిగరెట్, అగ్గిపుల్లతో పాటు క్రిబ్ 5. అది సన్నని చెక్క పుల్లలతో అడ్డంగా నిలువుగా పేర్చిన చిన్న గూడు, 17 గ్రాములు. అడుగున దూది ముక్కకు స్పిరిట్ తడిపి అంటిస్తాం. కొన్ని కాగితాలు ఉండచుట్టి కాల్చినట్టు ఉంటుందనుకోండి. మంట పది నిమిషాల్లో ఆరాలి, గంటకల్లా రగలడం ఆగాలి. మామూలు ఫోమ్ మీద లైనర్ లేకుండా దీన్ని గట్టెక్కడం చాలా కష్టం.

నూలుపోగు · గురువారం మధ్యాహ్నం 12:30

పత్తి రాజుకోకుండా ఆపాలంటే బోరిక్ యాసిడ్ బాగా పనిచేస్తుంది, పరుపుల్లో పత్తికి అదే వాడతారు. కానీ నీళ్లు తగిలితే కరిగిపోతుంది, పైగా దాన్ని పునరుత్పత్తికి హాని చేసే పదార్థాల్లో చేర్చారు. హోటల్ కుర్చీ మీద కాఫీ ఒలకదా, తుడవరా? ఆ దారి వద్దు.

నా మాట వింటే బట్ట మార్చండి. ఉన్ని ఎక్కువ ఉన్నది తీసుకోండి. గాలిలో ఆక్సిజన్ 21 శాతం. పత్తి కాలడానికి 18 శాతం చాలు. ఉన్నికి దాదాపు 25 కావాలి, అంటే మామూలు గాలిలో మంట తీసేస్తే అది తనంతట తనే ఆరిపోయే రకం. కమురు వాసన వస్తుంది, వెంట్రుక కాలినట్టు. అంతే.

సోఫామేస్త్రి · గురువారం మధ్యాహ్నం 1:10

అంటే పన్నెండు కుర్చీల నీలం బట్ట మూలకే.

మాజీఫైర్‌మన్ · గురువారం మధ్యాహ్నం 1:25

కుర్చీకి కాకపోతే కిటికీకి కట్టొద్దు బాబూ! దిండు గలీబులు కూడా వద్దు.

సోఫామేస్త్రి · ఆరు వారాల తర్వాత, శనివారం సాయంత్రం 4:50

అడిగి వదిలేశాడనుకుంటారేమోనని వచ్చా.

ముందు నూలుపోగు గారు చెప్పిన జాడింపు పరీక్ష చేయించా. కడగని ముక్క మళ్లీ ఫెయిల్. కడిగిన ముక్క మా పాత ఫోమ్ మీదే ఒకసారి నిలిచింది, రెండోసారి గంట దాటినా రగులుతూనే ఉండి ఫెయిల్. మిల్లు వాళ్లకు రెండు రిపోర్టులూ పంపితే ఫోనులో కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ నీలం లాటు వెనక్కి తీసుకుంటామన్నారు, కోయనిది మాత్రం. కోసినది నా నెత్తినే.

కొత్తగా ఉన్ని 85, నైలాన్ 15 ఉన్న బట్ట తెచ్చాం. కింద అల్లిక లైనర్, అది ముట్టుకుంటే గరుకుగా ఉంటుంది, కత్తెర అంచు వారానికే మొద్దుబారింది. దాని కింద మా పాత 28 కిలోల ఫోమే. ఈసారి ల్యాబ్‌కు నేనే వెళ్లి అద్దం ఇవతల నిలబడి చూశా. సిగరెట్ తన పొడవునా కాలింది, బట్ట మీద వేలి మందం నల్లటి గీత, కోసి చూస్తే లైనర్ మీద లేత గోధుమ రంగు మచ్చ, ఫోమ్ తెల్లగా ఉంది. అగ్గిపుల్ల మంట తీసిన మూడు సెకన్లకు ఆరింది. క్రిబ్ వెలిగించినప్పుడు మాత్రం గుండె ఆగినంత పనైంది, మంట వీపు వైపు జానెడు ఎత్తు లేచింది. ఏడో నిమిషంలో పుల్లలు కూలి మంట ఆగింది. పాస్.

ఇప్పుడు ఇంకో డౌటు. కుర్చీ అంచుకు పైపింగ్ వేస్తాం కదా, లోపల నూలు తాడు పెట్టి. ఆ తాడు ఉత్త పత్తి. పరీక్ష శాంపిల్‌లో పైపింగ్ లేదు. దాని సంగతేమిటి?

ల్యాబ్‌బల్ల · శనివారం సాయంత్రం 5:35

ముందు అభినందనలు. కుర్చీలు ఇంకా కుట్టలేదు కదా? పత్తి తాడంటే వత్తి లాంటిది, రాజుకుంటే పొడవునా పాకుతుంది. తాడు మార్చేసి, ఆ పైపింగ్‌తోనే ఇంకో శాంపిల్ కట్టి పంపండి. సిగరెట్‌ను ఆ పైపింగ్‌కు ఆనించి చూద్దాం.

సోఫామేస్త్రి · శనివారం సాయంత్రం 5:41

సోమవారం పంపిస్తా. తాడు ఇవాళే తీయించేస్తున్నా.